సగం ఇంట్లో చీకటి: కరెంటు ఎక్కడ ఆగింది?

సాయంత్రం ఏడు గంటలు. హాల్లో ఫ్యాను తిరుగుతోంది, టీవీ నడుస్తోంది. వంటింట్లో మాత్రం లైటు వెలగదు, మిక్సీ తిరగదు, ఫ్రిజ్ చప్పుడు లేదు. ఊరంతా కరెంటు పోతే ఎదురుచూడడం తప్ప ఇంట్లోవాళ్లు చేసేదేమీ ఉండదు. సగం ఇంట్లోనే పోతే కారణం చాలాసార్లు ఆ ఇంటి వైరింగులోనే ఉంటుంది. అది ఏ భాగంలో ఉందో తీగను ముట్టుకోకుండానే చాలావరకు తెలుసుకోవచ్చు. అయితే ముందుగా ఒక విషయం గుర్తుంచుకోవాలి. లైటు వెలగనంత మాత్రాన అక్కడి తీగలో కరెంటు లేదని కాదు.

ఒకే ఇల్లు, అనేక సర్క్యూట్లు

మీటరు నుంచి వచ్చిన తీగలు మెయిన్ స్విచ్ దాటి డిస్ట్రిబ్యూషన్ బోర్డుకు చేరతాయి. అక్కడ సరఫరా విడివిడి సర్క్యూట్లుగా చీలుతుంది. లైట్లు, ఫ్యాన్ల సర్క్యూటులో 10 పాయింట్లు లేదా 800 వాట్లు మించకుండా చూడడం మన దేశంలో వైరింగుకు పాటించే లెక్క. గీజరు, ఏసీ వంటి వాటికి వేరే సర్క్యూట్లు ఉంటాయి. ఒక్కో సర్క్యూటుకు ఒక్కో ఎంసీబీ, పాత ఇళ్లలో అయితే ఒక్కో ఫ్యూజు ఉంటుంది.

ప్రతి సర్క్యూటులోనూ కరెంటు ఫేజు తీగ ద్వారా వచ్చి న్యూట్రల్ తీగ ద్వారా తిరిగి వెళుతుంది. ఈ రెండింటిలో ఏది తెగినా లైటు ఆరిపోతుంది. చూడడానికి రెండూ ఒకేలా ఉంటాయి, ప్రమాదం మాత్రం ఒకేలా ఉండదు.

ఎంసీబీ పడిందా, ఆర్‌సీసీబీ పడిందా?

ఇన్వర్టరు ఉన్న ఇంట్లో ముందు చూడాల్సింది దాన్నే. బయటి సరఫరా పూర్తిగా పోయినా ఇన్వర్టరు మీద ఉన్న లైట్లు, ఫ్యాన్లు నడుస్తూనే ఉంటాయి. అప్పుడు సగం ఇంట్లోనే కరెంటు పోయినట్టు కనిపిస్తుంది. మెయిన్ ఆపేసినా ఇన్వర్టరు తీగల్లో 230 వోల్టులు ఉంటాయన్నది కూడా మరచిపోకూడదు.

తర్వాత చూడాల్సింది బోర్డు. ట్రిప్ అయిన ఎంసీబీ మీట కొన్నిసార్లు సగంలో ఆగి, వేసి ఉన్నట్టే కనిపిస్తుంది. దాన్ని పూర్తిగా కిందికి నొక్కి, ఆ తర్వాతే పైకి వేయాలి. వేసిన వెంటనే మళ్లీ పడిపోతే చాలాసార్లు షార్ట్ సర్క్యూట్ అయి ఉంటుంది. కొన్ని నిమిషాలు నడిచాక పడితే సాధారణంగా అది ఓవర్‌లోడు. ఎంసీబీలో ఈ రెండింటికీ వేర్వేరు భాగాలున్నాయి. ఒక్కసారిగా పోటెత్తే కరెంటును విద్యుదయస్కాంతం క్షణంలో ఆపుతుంది. మెల్లగా పెరిగే వేడికి రెండు లోహాల పట్టీ వంగి మీటను వదిలేస్తుంది. మాటిమాటికీ పడుతోందని పెద్ద ఎంసీబీ బిగించడం, ఫ్యూజులో లావుపాటి తీగ చుట్టడం చేస్తే ఆ వేడిని గోడలోని తీగ భరించాల్సి వస్తుంది.

ఆర్‌సీసీబీ పని వేరు. ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగి వచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా లేదా అని అది పోల్చి చూస్తుంది. ఇళ్లలో వాడే రకం 30 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చేసరికే సరఫరాను ఆపేస్తుంది. అది పడిందంటే ఎక్కడో కరెంటు భూమిలోకి కారుతోందని అర్థం. దాని కింది ఎంసీబీలన్నీ ఆపి, ప్లగ్గులు తీసి, ఆర్‌సీసీబీని వేసి, ఎంసీబీలను ఒక్కొక్కటిగా వేస్తూ వెళ్లాలి. ఏది వేయగానే పడిందో ఆ సర్క్యూటులో లోపం ఉండవచ్చు. గీజరు, తడిసిన బయటి సాకెట్టు, పాత మోటారు ఇక్కడ తరచూ దొరికే కారణాలు. ఒంటి పోలు ఎంసీబీ ఫేజును మాత్రమే ఆపుతుంది కాబట్టి, న్యూట్రల్ ఎర్తుకు తగిలి ఉంటే ఈ పద్ధతికి దొరక్కపోవచ్చు. అప్పుడు ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టి చూడాలి.

అన్నీ వేసి ఉన్నాయి, అయినా చీకటే

ఏదీ ట్రిప్ కాకుండా కొన్ని పాయింట్లు మాత్రమే పనిచేయకపోతే ఎక్కడో తీగ తెగింది, లేదా స్క్రూ వదులైంది. చాలా ఇళ్లలో తీగ ఒక స్విచ్‌బోర్డు నుంచి మరో స్విచ్‌బోర్డుకు వరుసగా వెళుతుంది. కాబట్టి లోపాన్ని పనిచేస్తున్న చివరి పాయింటుకూ, పనిచేయని మొదటి పాయింటుకూ మధ్య వెతకాలి. పనిచేస్తున్న బోర్డులోనే ముందుకు వెళ్లే తీగ ఊడి ఉండడం కూడా మామూలే.

వదులైన స్క్రూ చీకటితో ఆగదు. అక్కడ అర ఓమ్ నిరోధం ఏర్పడి, 10 ఆంపియర్ల కరెంటు ప్రవహిస్తే ఆ చిన్న చోట 50 వాట్ల వేడి పుడుతుంది. కరెంటు మోతాదు మించలేదు కాబట్టి ఎంసీబీ పడదు. సాకెట్టు పసుపు రంగుకు తిరగడం, కాలిన వాసన, చిటపట శబ్దం దీని గుర్తులు.

టెస్టరు రెండు రంధ్రాల్లోనూ వెలిగితే

వెలగని సాకెట్టులో టెస్టరు పెడితే ఒక్కోసారి రెండు రంధ్రాల్లోనూ వెలుగుతుంది. రెండు ఫేజులు వచ్చాయని కొందరు పొరబడతారు. చాలాసార్లు జరిగింది వేరు. న్యూట్రల్ తెగింది. స్విచ్ వేసి ఉన్న బల్బు గుండానో, ప్లగ్గులో ఉన్న ఫ్రిజ్ గుండానో ఫేజు వోల్టేజి న్యూట్రల్ తీగలోకి వస్తుంది. తిరిగి వెళ్లే దారి లేక అక్కడే నిలిచిపోతుంది. ఆ సర్క్యూటులోని స్విచ్‌లన్నీ ఆపి ప్లగ్గులు తీసేస్తే రెండో రంధ్రంలో వెలుగు పోతుంది. లోపం న్యూట్రల్‌దేనని చెప్పే బలమైన గుర్తు ఇది.

ప్రమాదమంతా ఇక్కడే ఉంది. లైటు వెలగడం లేదు, ఫ్యాను తిరగడం లేదు, కానీ రెండు తీగల్లోనూ షాకు కొట్టగల వోల్టేజి ఉంది. కరెంటు లేదనుకుని హోల్డరులో వేలు పెట్టిన మనిషి శరీరమే ఆ తెగిన దారిని పూర్తి చేస్తుంది.

టెస్టరు వెలగకపోయినా నమ్మడానికి లేదు. అందులోని నియాన్ దీపం మనిషి ఒంటి గుండా భూమికి వెళ్లే అతి కొద్ది కరెంటుతో వెలుగుతుంది. రబ్బరు చెప్పులు వేసుకుని ఎండిన చెక్క మీద నిలబడితే సరిగా వెలగకపోవచ్చు. అందుకే ముందు పనిచేస్తున్న సాకెట్టులో, తర్వాత అనుమానం ఉన్న చోట, మళ్లీ పనిచేస్తున్న సాకెట్టులో పెట్టి చూడాలి.

మూడు ఫేజుల ఇంట్లో

త్రీ ఫేజ్ కనెక్షన్ ఉన్న ఇంట్లో గదులు వేర్వేరు ఫేజుల మీద ఉంటాయి. స్తంభం దగ్గర ఒక ఫేజు పోతే ఆ గదులు మాత్రమే చీకటవుతాయి. అదే ఫేజు మీద ఉన్న పక్కిళ్లలోనూ కరెంటు ఉండదు. ఇది విద్యుత్ సంస్థ సరిచేయాల్సిన లోపం, 1912 నంబరుకు ఫోన్ చేయాలి. ఫేజ్ ఛేంజర్ తిప్పి ఇంటి బరువంతా ఒకే ఫేజు మీద వేస్తే అక్కడ వేడెక్కుతుంది. ఆ సమయంలో త్రీ ఫేజ్ మోటారు వేస్తే వైండింగు కాలిపోతుంది.

ఇంతకన్నా ప్రమాదకరమైనది మెయిన్ న్యూట్రల్ తెగడం. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టులుంటే, రెండు ఫేజుల మధ్య సుమారు 400 ఉంటాయి. ఒక ఫేజు మీద 100 వాట్ల బల్బు, ఇంకో ఫేజు మీద 1,000 వాట్ల ఇస్త్రీపెట్టె ఉన్నాయనీ, మూడో ఫేజు మీద ఏమీ లేదనీ అనుకుందాం. న్యూట్రల్ ఉన్నంతసేపు రెండింటికీ 230 వోల్టులే అందుతాయి. అది తెగగానే రెండూ ఆ 400 వోల్టుల మధ్య వరుసగా నిలబడతాయి. నిరోధాల లెక్కన బల్బుకు సుమారు 364, ఇస్త్రీపెట్టెకు సుమారు 36 వోల్టులు వస్తాయి. బల్బు కాసేపు కళ్లు చెదిరేలా వెలిగి మాడిపోతుంది. దాని స్థానంలో టీవీ ఉంటే దానికీ అదే గతి.

ఒక గదిలో దీపాలు మసకబారి, మరో గదిలో మితిమీరి వెలుగుతూ, ఏదైనా పెద్ద పరికరం వేయగానే ఆ తేడా మారుతుంటే ఇంకేమీ పరీక్షించకూడదు. వెంటనే మెయిన్ ఆపాలి.

ఎక్కడ ఆగాలి?

మీటలు చూడడం, ప్లగ్గులు తీయడం, ఏ పాయింట్లు పనిచేయడం లేదో రాసుకోవడం ఎవరైనా చేయవచ్చు. స్విచ్‌బోర్డు మూత విప్పడం, మీటరు దగ్గరి తీగలు కదపడం అర్హత ఉన్న ఎలక్ట్రీషియన్ లేదా లైన్‌మన్ పని. ఆర్‌సీసీబీ ఉందన్న ధైర్యం కూడా పనికిరాదు. భూమికి దారి లేకుండా ఫేజునూ న్యూట్రల్‌నూ ఒకేసారి పట్టుకున్న మనిషిని అది మామూలు బల్బులాగే చూస్తుంది, ఆగదు.

ఎలక్ట్రీషియన్ వచ్చాక మూడు విషయాలు చెప్పగలిగితే అతని పని చాలావరకు తగ్గుతుంది. కరెంటు పోయినప్పుడు ఏ పరికరం నడుస్తోంది, ఏ మీట పడింది, పనిచేస్తున్న చివరి పాయింటు ఏది.