కొండగండ్లు: నడక, దిగుట, జాగ్రత్త
(పంచాయతీ సభ్యులకు ఒక పాఠము)

పెన్నానది కర్ణాటక రాష్ట్రమున నంది కొండల ప్రాంతమున పుట్టి, సుమారు 597 కిలోమీటర్లు ప్రవహించి, నెల్లూరు జిల్లాలో బంగాళాఖాతమున కలియుచున్నది. త్రోవలో కడప జిల్లా జమ్మలమడుగు సమీపమున ఎర్రమల కొండలు దానికి అడ్డుపడినవి. నది ఆ కొండలను నిలువునా కోసికొని తన త్రోవ తాను చేసికొన్నది. అట్లు ఏర్పడిన సందునే మన పెద్దలు గండి యనిరి. ఆ గండి అంచున వెలసిన కోట గండికోట. సుమారు 300 అడుగుల లోతైన ఈ అగాధమును చూచుటకు నేడు ఏటేట వేలకొలది జనులు వచ్చుచున్నారు.

ఇట్టి గండ్లు, జలపాతములు గల గ్రామములు మన రెండు తెలుగు రాష్ట్రములందును గలవు. తలకోన, కుంటాల, బొగత పేర్లు అందరును వినినవే. వచ్చువారు నాగరికులు, కొండను ఎరుగనివారు. ఆపద కలిగినపుడు ముందుగా పరుగెత్తి రావలసినవారు గ్రామస్థులు. కాబట్టి ఈ విషయమును పంచాయతీ సభ్యులు తెలిసికొనుట అవసరమని మేము భావించుచున్నాము.

గండి ఎట్లు ఏర్పడును?

గండికోట రాళ్లు వంద కోట్ల సంవత్సరములకు పైబడిన ప్రాచీన శిలలు. పూర్వము నీటి అడుగున పొరలు పొరలుగా పేరుకొనిన ఇసుక కాలక్రమమున గట్టిపడి ఈ ఎఱ్ఱని రాయి అయినది. ఈ రాతిలో అడ్డముగా పొరలును, నిలువుగా బీటలును గలవు. నదీజలము ఇసుకను, గులకరాళ్లను దొర్లించుకొనుచు అడుగును అరగదీయును. అడుగు అరిగినకొలది ప్రక్కనున్న రాయి ఆధారము కోల్పోయి, బీట వెంబడి దిమ్మలు దిమ్మలుగా విరిగి పడును. అందుచేతనే గండి ప్రక్కలు గోడవలె నిట్టనిలువుగా నిలిచినవి.

ఈ పని నేటికిని ఆగలేదు. అంచున గట్టిగా కనిపించు బండ క్రింద బీట ఉండవచ్చును. వాన నీరు ఆ బీటలలోనికి దిగి రాతిని వదులు చేయును. కాబట్టి అంచున నిలిచి ఛాయాచిత్రము తీసికొనువాడు ఎంత నేర్పరియైనను, తాను నిలిచిన రాతిని గురించి ఏమియు ఎరుగడు.

పూర్వులు ఈ అగాధమునే కోటకు కందకముగా చేసికొనిరి. పెమ్మసాని నాయకుల ఏలుబడిలో ఈ దుర్గము ప్రసిద్ధి కెక్కినది. 1650వ సంవత్సర ప్రాంతమున గోలకొండ సేనాని మీర్ జుమ్లా దీనిని పట్టుకొనెను. 1652లో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఇచటికి వచ్చి, తాను చూచినది తన యాత్రాగ్రంథమున వ్రాసెను. కోటలోని మాధవరాయ ఆలయము, రంగనాథాలయము, జామియా మసీదు, ధాన్యాగారము నేటికిని చూడదగినవి.

నడక వేరు, గండి దిగుట వేరు

కొండదారులలో కాలినడకను ఆంగ్లేయులు హైకింగ్ అందురు. దీనికి మంచి చెప్పులు, త్రాగునీరు, తలకు నీడ, దారి ఎరిగిన తోడు ఉన్న చాలును. గండికోటకు వచ్చువారిలో ఎక్కువమంది ఇట్టివారే.

కాన్యనింగ్ అను క్రీడ దీనికి భిన్నమైనది. గండి పైభాగమున ప్రవేశించి, వాగు వెంబడి క్రిందికి దిగుట దీని పద్ధతి. నీటిలో నడచుట, ఈదుట, జలపాతముల చెంత త్రాడు పట్టుకొని జారుట ఇందులోనివి. తలకు శిరస్త్రాణము, నడుమునకు పటకా, పరీక్షించిన త్రాళ్లు, త్రాటిపై వేగము నాపు లోహపుకొక్కెములు దీనికి అవసరము. అన్నిటికంటె ముఖ్యముగా శిక్షణ పొందిన నాయకుడు కావలయును. ఒకసారి త్రాడు లాగికొని క్రిందికి దిగినచో వచ్చిన దారిని తిరిగి ఎక్కుటకు వీలుండదు. చివరివరకు పోయి తీరవలసినదే. ఇదియే నడకకును దీనికిని గల పెద్ద భేదము.

ఐరోపాలో ఈ విద్యకు పునాది వేసినవారిలో ఫ్రాన్సు దేశపు గుహాపరిశోధకుడు మార్టెల్ ఒకడు. 1905వ సంవత్సరమున ఆయన తన బృందముతో వెర్డన్ నది గండిని పరిశోధించెను. త్రాటిపై కొండచరియ దిగు నేర్పు మనకును క్రొత్త కాదు. నల్లమలలో చెంచులు తేనె కొరకు త్రాళ్ల ఆధారమున కొండచరియలకు దిగుట తరతరములుగా వచ్చుచున్న విద్య. వారు త్రాటిని పట్టుకొనువానిని ఎంతో ఎంచి నియమింతురు. ఆ జాగ్రత్తయే నేటి క్రీడకును ప్రాణము.

ఒక విషాదము నేర్పిన పాఠము

1999 జూలై 27వ తేదీన స్విట్జర్లండు దేశమున ఇంటర్లాకెన్ సమీపమున సాక్సెట్ వాగు గండిలో కొందరు యాత్రికులు దిగిరి. ఎగువన ఉరుములతో పెద్దవాన కురిసినది. ఆ నీరంతయు ఇరుకైన గండిలోనికి ఒక్కసారిగా వచ్చిపడెను. 18 మంది యాత్రికులు, ముగ్గురు మార్గదర్శకులు, మొత్తము 21 మంది ప్రాణములు కోల్పోయిరి. 2001లో న్యాయస్థానము ఆ యాత్ర నడిపిన సంస్థకు చెందిన ఆరుగురిని నిర్లక్ష్యమునకు దోషులుగా నిర్ణయించెను.

ఇందు మనము గ్రహింపవలసినది యేమి? గండిలో నున్నవానికి ఎగువ ఆకాశము కనబడదు. తల మీద ఎండ కాయుచుండగానే పది మైళ్ల ఎగువ కురిసిన వాన అతనిని ముంచవచ్చును. పొలములో పడిన నీరు పలుచగా పరచుకొనును. గండిలో పడిన నీటికి ప్రక్కకు పోవు తావు లేదు గనుక అది పైకి లేచును. ప్రవాహవేగము రెట్టింపైనచో దాని తోపుడు నాలుగు రెట్లగును. అందువలననే మోకాటి లోతు నీరు సైతము బలవంతుని పడద్రోయగలదు.

స్పష్టముగా పారు నీరు బురదయగుట, ఆకులు పుల్లలు కొట్టుకొని వచ్చుట, ఎగువ నుండి హోరు వినబడుట వరదకు ముందు గుర్తులు. ఇవి కనబడిన వెంటనే సామాను విడిచి ప్రక్కనున్న ఎత్తైన చోటికి ఎక్కవలయును. వాగు వెంబడి క్రిందికి పరుగెత్తరాదు.

ఎగువన ఆనకట్ట యున్నచోట మరియొక ఆపద గలదు. వాన లేకున్నను తలుపులు ఎత్తినపుడు నీరు వచ్చును. పెన్నపై గండికోట జలాశయము నిర్మింపబడినది గనుక ఈ విషయమును అచటివారు ప్రత్యేకముగా గమనింపవలయును.

పంచాయతీ చేయదగిన పనులు

మొదటిది, గ్రామస్థులు ఎరిగిన ప్రమాదస్థలముల పట్టిక. ఏ గుండములో సుడి యున్నది, ఏ బండ పాచిపట్టి జారును, ఎచట అంచు వదులుగా నున్నది అను విషయములు పశువుల కాపరులకు, జాలరులకు తెలిసినంతగా అధికారులకు తెలియవు. వారిని గ్రామసభకు పిలిచి అడిగి వ్రాసికొనవలయును. ఆ చోట్ల పెద్ద అక్షరములతో హెచ్చరిక పలకలు నిలుపవలయును.

రెండవది, వర్తమానము. జలవనరుల శాఖవారితో ఏర్పాటు చేసికొని, నీరు విడుచుటకు ముందే కబురు అందునట్లు చూడవలయును. వచ్చువారి పేర్లు, తిరిగి వచ్చు వేళ ఒక పుస్తకమున వ్రాయించినచో, చీకటిపడునప్పటికి ఎవరు రాలేదో తెలియును.

మూడవది, రక్షణ. పొడవైన త్రాడు, గాలినింపిన ట్యూబులు, ప్రథమచికిత్స పెట్టె సిద్ధముగా నుండవలయును. 112, 108 సంఖ్యలు ప్రతి పలకపై వ్రాయవలయును. మునుగువానికి గట్టునుండి త్రాడు విసరవలెనేగాని ఈత శిక్షణ లేనివారు నీట దుముకరాదని యువకులకు నేర్పవలయును.

నాలుగవది, అనుమతులు. అడవి భాగమున అటవీశాఖ అనుమతి లేనిదే ఎవరిని పోనీయరాదు. కేంద్ర రక్షణలోనున్న ప్రాచీన కట్టడములకు 100 మీటర్ల లోపల క్రొత్త నిర్మాణము చట్టప్రకారము నిషిద్ధము. దుకాణమునకు చోటు చూపునపుడు దీనిని మరువరాదు.

ఐదవది, జీవనోపాధి. దారి చూపుట, భోజనము, బస వంటి పనులు గ్రామయువకులకు, మహిళా సంఘములకు దక్కునట్లు చూడవలయును. శిక్షణ లేనివారు త్రాళ్లు తెచ్చి గండి దింపుదుమని డబ్బు వసూలు చేసినచో పంచాయతీ వెంటనే పోలీసులకు తెలుపవలయును. ఒక ప్రాణము పోయినచో నష్టము ఆ కుటుంబముతో ఆగదు. ఆ చోటు మూతపడి ఊరి ఆదాయమును పోవును.

గ్రామసభలో చర్చింపదగిన ప్రశ్నలు

1. మన ఊరి వాగునకు ఎగువన ఎన్ని గ్రామముల నీరు వచ్చి చేరుచున్నది? అచట వాన కురిసిన ఎంతసేపటికి మనవద్ద నీరు పెరుగుచున్నది?

2. గత పది సంవత్సరములలో నీట మునిగినవారు, అంచు జారినవారు ఎవరు? ఆ చోట్ల నేడు పలక గలదా?

3. ఆపద వచ్చిన అరగంటలో త్రాడుతో చేరగల యువకులు మన ఊర మనకు ఎందరు గలరు?