కడపటి మెట్టున తప్పినవారు

ఉద్యోగార్థి తొలి పరీక్షలో తప్పుటకంటె కడపటి ఇంటర్వ్యూలో తప్పుట మిక్కిలి దుఃఖకరము. తొలి పరీక్షనాటికి ఆశ మొలకయే. ఇంటర్వ్యూనాటికి అది కోతకు వచ్చిన పైరు. ఏలూరునుండియు, తాడేపల్లిగూడెమునుండియు, కొల్లేటి లంకలనుండియు ఎందఱో యువకులు ఇట్టి పిలుపులపై దూరనగరములకు పోయివచ్చుచున్నారు. వారిలో ఎంపిక కానివారు ఆ వార్త నెట్లు గ్రహింపవలయునో, ఇంటివారెట్లు మెలగవలయునో యిచ్చట విచారింతము.

మొట్టమొదట లెక్క తెలిసికొనవలయును. యూనియన్ పబ్లిక్ సర్వీసు కమిషనువారి సివిల్ సర్వీసు పరీక్షలో వ్రాతకు 1750, ఇంటర్వ్యూకు 275, వెరసి 2025 మార్కులు. ఇంటర్వ్యూకు పిలువబడువారు ఖాళీలకు సుమారు రెట్టింపు. కావున వచ్చినవారందఱు సమర్థులే యైనను, ఇంచుమించు సగముమంది వెనుదిరుగక తప్పదు. స్థలము చాలకపోవుట వేఱు. యోగ్యత లేకపోవుట వేఱు. ఈ రెంటిని ఒకటిగా నెంచుటవలననే నిరాశ హద్దు మీఱును. ఆ కమిషనువారే 2018లో ఒక పద్ధతి నేర్పఱచి, తుదివఱకు వచ్చి ఎంపిక కాని యభ్యర్థుల వివరములను, వారి సమ్మతిపై, ఇతర సంస్థలకు తెలియజేయ మొదలిడిరి. అట్టివారు పనికిమాలినవారని కమిషనువారు తలంపలేదని దీనివలన స్పష్టము.

అయినను లెక్క తెలిసినంతమాత్రమున దుఃఖము తీఱదు. దానికి కొన్ని దినములు విడువవలయును. పిమ్మట చేయదగినవి మూడు గలవు. మొదటిది: ఇంటర్వ్యూ జరిగిన సాయంకాలమే, అడిగిన ప్రశ్నలను తానిచ్చిన జవాబులను కాగితముపై వ్రాసికొనుట, నెల గడచినచో జ్ఞాపకము మాఱిపోవును. రెండవది: మార్కులు ప్రకటింపబడినప్పుడు వ్రాతను, మాటను వేఱువేఱుగ పరిశీలించుట. వ్రాతలో వెనుకబడినవాడు మాట నెంత సానపట్టినను ఫలము స్వల్పము. మూడవది: మఱల ప్రయత్నించుటకు గడువు నిర్ణయించుకొనుట. సివిల్ సర్వీసు పరీక్షను ప్రతిసారియు మొదటినుండి వ్రాయవలయును. సాధారణవర్గమువారికి అవకాశములు 6 మాత్రమే.

ఇంతకంటె ముఖ్యమైన పాఠము మన కొల్లేరే నేర్పుచున్నది. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులు పలువైపులనుండి వచ్చి అందు చేరును. సముద్రమునకు పోవు దారి మాత్రము ఉప్పుటేరు ఒక్కటియే. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేటి నీరు కొల్లేరు చేరినప్పుడు, వచ్చినంత వేగముగ పోలేక లంకగ్రామములను చుట్టుముట్టెను. చదువు, ధనము, ఇంటివారి కోరికలు అన్నియు ఒక్క ఉద్యోగముమీదనే నిలిపిన యువకుని స్థితియు నిట్టిదే. రెండవ దారిని వరద రాకమునుపే త్రవ్వుకొనవలయును.

ఏ.పి.జె. అబ్దుల్ కలాముగారి చరిత్రమిందులకు నిదర్శనము. విమానచోదకుడు కాగోరి ఆయన 1958లో డెహ్రాడూనులో వైమానికదళము వారి ఎంపికకు పోయెను. అభ్యర్థులు 25 మంది. ఎంపికైనవారు 8 మంది. ఆయనది తొమ్మిదవ స్థానము. మనస్సు చెదరి ఋషీకేశమునకు పోయి, కొంత ఊఱట పొంది ఢిల్లీ చేరెను. అచ్చట రక్షణశాఖకు చెందిన సాంకేతికవిభాగమున ఉద్యోగము లభించెను. ఏలయన, డెహ్రాడూనునకు పోకమునుపే ఆ విభాగమువారి ఇంటర్వ్యూకు సైత మాయన హాజరై యుండెను. 1980 జూలై 18న మన శ్రీహరికోటనుండి రోహిణి ఉపగ్రహమును కక్ష్యకు చేర్చిన ఎస్.ఎల్.వి.-3 నిర్మాణమునకు నాయకుడాయనయే. అందఱును కలాములు కాజాలరు. కాని రెండవ ఇంటర్వ్యూకు హాజరగుట యెల్లరకును సాధ్యమే.

తల్లిదండ్రులకు ఒక మనవి. కుమారుడు గాని, కుమార్తె గాని వట్టిచేతులతో ఇల్లు చేరినదినమున, "ఎందుకు రాలేదు?" అని ప్రశ్నింపక, "భోజనము చేసితివా, నాయనా?" యని పలుకరింపుడు. పొరుగింటివారి పిల్లలతో పోల్పకుడు. బిడ్డ నిద్రాహారములు మాని, బ్రదుకే వలదని పలికినచో దానిని తేలికగా తీసికొనరాదు. వెంటనే వైద్యుని జూపవలయును. 2022లో ప్రారంభమైన టెలి మానస్‌వారి 14416 సంఖ్యకు ఏ వేళనైనను ఉచితముగ ఫోను చేయవచ్చును.

విద్యార్థులారా! ఇంటర్వ్యూగదిలో మిమ్ము చూచినవారు అరగంటసేపు మాత్రమే చూచిరి. వారి తీర్పు ఆ యుద్యోగమునకే చెల్లును. మీ పదియేండ్ల చదువును, మీ నడవడిని వారు తూచలేదు. అవి మీతోనే యింటికి వచ్చినవి. మఱునాటి పని వానితోనే మొదలిడుడు.