గాలి చొరని చోట పెరిగే క్రిములు

పన్ను నొప్పి అనగానే మన మధురానగర్, అమీర్‌పేట హాస్టళ్లలోని పిల్లలైనా, ఇళ్లలోని పెద్దలైనా ముందు వెళ్లేది మందుల షాపుకే. రెండు గోలీలతో నొప్పి తగ్గుతుంది. కొన్నాళ్లకు అదే పన్ను మళ్లీ సలపడం మొదలుపెడుతుంది. ఎందుకిలా?

దీనికి మూలం చాలావరకు అవాయు బాక్టీరియా. అంటే ఆక్సిజన్ లేకుండా బతికేవి. వీటిలో కొన్నిటికి గాలి తగిలితే చావే. మరి రోజంతా గాలి ఆడే నోట్లో ఎలా ఉంటాయి? పంటి మీది పాచిలో స్ట్రెప్టోకాకస్ వంటి క్రిములు అందిన ఆక్సిజన్‌ను ముందే వాడేసుకుంటాయి. అడుగు పొరకు గాలి చేరదు. పంటికీ చిగురుకీ నడుమ సందు మామూలుగా 3 మిల్లీమీటర్లు దాటదు. పాచి గారగా గట్టిపడి చిగురు వాచేకొద్దీ అది గుంట అవుతుంది. ఫ్యూసోబాక్టీరియమ్, ప్రివోటెల్లా, పోర్ఫిరోమోనాస్ జాతులు అక్కడ కాపురం పెడతాయి. మాంసకృత్తులను కుళ్లబెట్టి గంధకపు వాయువులు వదులుతాయి. నోటి దుర్వాసన కడుపులోంచి వస్తుందని చాలామంది నమ్మకం గానీ, ఎక్కువగా అది నోటిదే.

వీటిని చంపే మెట్రోనిడజోల్ కథ చిత్రమైనది. మొదట అది పరాన్నజీవి వల్ల స్త్రీలకు వచ్చే ఒక వ్యాధికి మందు. అది వాడిన ఒకామెకు చిగుళ్ల పుండ్లు కూడా మానిపోయాయి. షిన్ అనే ఇంగ్లండ్ దంతవైద్యుడు 1962లో ఆ సంగతిని లాన్సెట్ పత్రికలో రాశారు. చిగుళ్లకు దాని వాడకం అలా మొదలైంది.

అంత మంచి మందున్నా నొప్పి తిరిగి రావడానికి కారణముంది. చీముగడ్డలోకి రక్తం సరిగా చేరదు, రక్తం చేరని చోటికి మందూ చేరదు. చీము తీయాలి, పంటి వేరు శుభ్రం చేయాలి, లేదా పన్నే తీయాలి. మిస్వాక్ సరిగా వాడితే పాచిని బాగానే తీస్తుంది. గట్టిపడిన గార మాత్రం దానికీ లొంగదు, బ్రష్షుకూ లొంగదు. షుగర్ ఉన్నవారికి ఈ జబ్బు త్వరగా ముదురుతుంది.

దవడ కింద రెండు వైపులా వాచి, నాలుక పైకి లేచి, మింగడం కష్టమైతే తెల్లవారేదాకా ఆగకూడదు. 1836లో జర్మన్ వైద్యుడు లుడ్విగ్ వర్ణించిన ఈ జబ్బు ఎక్కువగా కింది దవడ పళ్ల నుంచే పుడుతుంది. ఊపిరి ఆడక ప్రాణం పోవచ్చు. ఆ గంటలోనే పెద్దాసుపత్రికి చేర్చాలి.

ఉచిత శిబిరాలకు సాయం చేసే పెద్దలు మాత్రల పెట్టెలతో పాటు, పేదలు అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్యశాలకు రానుపోను ఛార్జీలు, ఆ రోజు పోయే కూలి కూడా లెక్కలో వేసుకోవాలని నా మనవి. కూలి పోతుందనే చాలామంది పన్ను చూపించుకోరు.