సీడు పత్తి లెక్క తెలిసిన బిడ్డకు

ధరూర్



ఆర్థిక జర్నలిజం శిక్షణకు దరఖాస్తు పెడుతున్నావని నాన్న ఫోన్లో చెప్పగానే ఇంట్లో అందరూ సంబరపడ్డారు. చెన్నైలోని ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజంలో బ్లూమ్‌బర్గ్ తోడ్పాటుతో ఈ చదువుకు ప్రత్యేకంగా పీజీ డిప్లొమా ఉండటం మంచి అవకాశమే. అయితే ‘ఈ రంగమే ఎందుకు?’ అన్న ప్రశ్న దగ్గర కలం ఆగిపోయిందట. కామర్స్ చదవని పిల్ల ఏం రాయాలన్న దిగులట. పెద్దనాన్న ఈ ఉత్తరం రాస్తున్నది ఆ దిగులు తీర్చడానికే.

జవాబు ఇంటి వెనక చేనులోనే ఉంది.

గద్వాల చుట్టుపక్కల విత్తనం కోసం సీడు పత్తి వేసే రైతు దగ్గరికి చాలాచోట్ల కంపెనీ నేరుగా రాదు, ఆర్గనైజరు వస్తాడు. ఆడ, మగ విత్తనం ఇస్తాడు, పెట్టుబడికి అడ్వాన్సూ ఇస్తాడు. మర్నాడు విచ్చబోయే మొగ్గను కూలీలు సాయంత్రమే ఒలిచి మగభాగం తీసేస్తారు, పొద్దున్నే మగ మొక్క పువ్వు తెచ్చి పుప్పొడి అద్దుతారు. ఈ క్రాసింగ్ కూలి ఎప్పటికప్పుడు ఇవ్వాల్సిందే. రైతు లెక్క మాత్రం గింజ కంపెనీకి చేరి, స్వచ్ఛత తేల్చే జీవోటీ పరీక్ష పాసయ్యాకే తేలుతుంది. ఫెయిలైతే సీడు ధర రాదు, అడ్వాన్సు మీద వడ్డీ మాత్రం ఆగదు.

అప్పు, వడ్డీ, ఒప్పందం, నష్టభయం అన్నీ ఆ ఒక్క చేనులోనే ఉన్నాయి. ఒప్పందం కాగితం మీద ఉందా, నోటిమాటేనా? పరీక్ష ఎవరు చేశారు? ఫలితం రైతు చేతికి రాతపూర్వకంగా వచ్చిందా? నష్టం ఎవరి మీద పడింది? దరఖాస్తులో ఈ ప్రశ్నలు రాయి. ఆర్గనైజరు, కంపెనీ చెప్పే లెక్క కూడా అడిగి రాయి. ఇంట్లో సీడు పత్తి వేస్తారన్న సంగతి దాచకుండా ముందే చెప్పు, చదివేవాళ్లకు అనుమానం ఉండకూడదు. రేపు ఏదైనా కంపెనీ గురించి రాసేటప్పుడు ఆ షేర్లు చేతిలో ఉంటే చెప్పితీరాల్సిందీ ఇందుకే.

పెద్ద కంపెనీల కథల్లోనూ అడగాల్సినవి ఇలాంటి ప్రశ్నలే. హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ పుస్తకాల్లో 2008 సెప్టెంబరు నాటికి నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్ల రూపాయలు. అందులో 5,040 కోట్లు అసలు లేనే లేవని 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజే లేఖలో ఒప్పుకున్నారు. అంతకుముందు రోజు సుమారు 179 రూపాయలున్న షేరు ఆ సాయంత్రానికి 40 దరికి పడిపోయింది. ‘ఈ డబ్బు ఏ బ్యాంకులో ఉంది, ఆ బ్యాంకును నేరుగా ఎవరు అడిగారు?’ అన్న ప్రశ్నకు ఎంత విలువుందో ఆ ఒక్కరోజులో దేశమంతా చూసింది.

జర్నలిస్టు సుచేతా దలాల్ 1992 ఏప్రిల్ 23న టైమ్స్ ఆఫ్ ఇండియాలో షేర్ దళారి హర్షద్ మెహతా కుంభకోణాన్ని బయటపెట్టారు. స్టేట్ బ్యాంకు లెక్కల్లో తేడా వచ్చిన సుమారు 500 కోట్ల దగ్గర మొదలైన కథ అది. పల్లె ఆడవాళ్లకు చిన్న అప్పులిచ్చే ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ 2010 ఆగస్టులో షేర్ మార్కెట్లో అడుగుపెట్టింది. అక్టోబరులోనే మైక్రోఫైనాన్స్ వసూళ్లను కట్టడి చేస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. ముంబైలో షేరు ధర చూసేవాళ్లూ, ఊళ్లో వారం కిస్తీ కట్టే ఆడవాళ్లూ ఒకే కథలోని మనుషులని అప్పుడు తెలిసింది.

ఇంటర్వ్యూకు ముందు ఒక పని చేయాలి. ఏదైనా విత్తన కంపెనీని ఎంచుకో. షేర్ మార్కెట్లో నమోదైనదైతే దాని మూడు నెలల ఫలితాలు, వార్షిక నివేదిక బీఎస్‌ఈ, ఎన్‌ఎస్‌ఈ వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. లాభం ఎంతో చూసి ఆగిపోవద్దు, చేతికి నగదు ఎంత వచ్చిందో చూడు. రావాల్సిన బాకీలు పెరిగాయా, ఆడిటర్ ఏమన్నారు, చివరి పేజీల నోట్స్‌లో ఏముంది అన్నవి పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ చదువు. అర్థంకాని మాటలన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుని, ఒక్కోదాన్ని అవ్వకు అర్థమయ్యే తెలుగులో చెప్పి చూడు. అవ్వ ‘అంటే?’ అని అడిగిన చోట మళ్లీ రాయి.

దరఖాస్తు వ్యాసం తొలి ప్రతి పెద్దనాన్నకు పంపు. అంకెలన్నీ మీ నాన్న దగ్గరున్న సీడు చిట్టీలతో సరిపోల్చి, తేడా ఉన్నచోట ఎర్ర సిరాతో గుర్తు పెట్టి పెద్దనాన్నే తిరిగి పంపుతాడు.

ఆశీస్సులతో,
పెద్దనాన్న