గోడౌన్ నిండా సరుకే, ఆర్డర్ మాత్రం ఆలస్యం

ప్రశ్న: బాలానగర్‌లో మాది చిన్న మోటారు పంపుల యూనిట్. ఒక హెచ్‌పీ పంపులు గోడౌన్‌లో పేరుకుపోయాయి. అర హెచ్‌పీ అడిగిన డీలర్లకేమో వేళకు ఇవ్వలేకపోతున్నాం. రెండో షిఫ్టు పెట్టమంటారా?

జవాబు: షిఫ్టు సంగతి తర్వాత చూద్దామండీ, ముందు గడియారం చూడండి. ఎనిమిది గంటల్లో భోజనానికి, టీలకు 50 నిమిషాలు పోతే మిగిలేది 430. డీలర్లు రోజుకు 215 పంపులు అడుగుతుంటే రెండు నిమిషాలకొకటి బయటికి రావాలి. దీన్నే టాక్ట్ టైమ్ అంటారు. జర్మన్ మాట, మన తాళం లాంటిది. టయోటా పద్ధతిలో ఇది కీలకం. ఇంతకన్నా వేగం పెంచితే గోడౌన్ నిండుతుంది, తగ్గిస్తే డీలర్ ఫోన్ మోగుతుంది.

మెషీన్ ఆగిపోయే సమయాన్ని ఆ 430లోంచి తీసేయకండి. చాలామంది తీసేస్తారు, జబ్బు లెక్కల్లో దాక్కుంటుంది. దానికి బదులు పనిని కాస్త ముందుగా, 110 సెకన్లకే ముగిసేలా అమర్చుకోండి.

ఇక స్టాప్‌వాచ్‌తో ప్రతి బల్ల దగ్గరా నిలబడండి. వైరింగ్‌కు రెండున్నర నిమిషాలు పడుతోందా? మిగతావాళ్లు ఎంత చెమటోడ్చినా రోజుకు 172 దాటవు. అక్కడి పనిలో కొంత పక్కబల్లకు మార్చండి.

మీ అసలు చిక్కు మాత్రం వేరే అని నా అనుమానం. సెట్టింగ్ మార్చడం ఎందుకని వారమంతా ఒకే రకం చేస్తున్నట్టున్నారు. అమ్మకాలు రెండుకొకటి చొప్పున ఉంటే, లైన్ మీదా రెండు అర హెచ్‌పీలకు ఒక హెచ్‌పీ ఒకటి నడవాలి. అందుకు సెట్టింగ్ మార్పిడి సమయం తగ్గించుకోక తప్పదు. నిండిన గోడౌన్ ఖాళీ అయ్యేదాకా ఒక హెచ్‌పీ వంతు ఇంకా తగ్గించండి.

ఆర్డర్లు పెరిగాక లెక్క మళ్లీ వేయండి. అప్పటికీ చాలకపోతే షిఫ్టు గురించి మాట్లాడుకుందాం.