కాఫీ బస్తా వెంట తోట చిరునామా

కాఫీ వర్తకంలో ఇంతవరకు సరుకును చూసి బేరమాడేవారు. గింజ సైజు, తేమ, కప్పులో రుచి, వీటినిబట్టే ధర పలికేది. యూరపు కొనుగోలుదార్లు ఇకమీదట ఆ గింజ ఏ నేలలో పండిందని కూడా అడగవలసి వుంటుంది. అడవి నరికిన భూమిలో పండిన కాఫీ, కోకో, రబ్బరు, సోయా, పామాయిలు, కలప, పశువుల సరుకులు తమ మార్కెట్లోకి రాకుండా యూరోపియన్ యూనియన్ 2023లో చేసిన చట్టం ఇందుకు కారణం. అమలు రెండుసార్లు వాయిదా పడింది. 2025 డిసెంబరు సవరణ ప్రకారం పెద్ద, మధ్యతరహా సంస్థలకు 2026 డిసెంబరు 30 నుంచి, చిన్న సంస్థలకు 2027 జూన్ 30 నుంచి వర్తించాలి. మన కాఫీ పంటలో అధికభాగం ఎగుమతి అవుతుంది. కొనేవారిలో ఇటలీ, జర్మనీ, బెల్జియం ముందు వరుసలో వున్నాయి. కాబట్టి ఇది మన వర్తకులకు పరాయి గొడవ కాదు.

చట్టం పెట్టిన గీటురాయి 2020 డిసెంబరు 31. ఆ తేదీ తర్వాత అడవి కొట్టి వేసిన తోట సరుకు పనికిరాదు. దిగుమతిదారు ప్రతి లాటుకు అది పండిన కమతాల అక్షాంశ రేఖాంశాలను దశాంశం తర్వాత ఆరు అంకెల వరకు చూపాలి. 4 హెక్టార్లు, అంటే సుమారు 10 ఎకరాలు మించిన తోటకైతే సరిహద్దంతా గీసి ఇవ్వాలి. ఉపగ్రహ చిత్రాలతో పోల్చి చూస్తే అక్కడ 2020లో ఏమున్నదీ తేలిపోతుంది.

ఎగుమతి బస్తాలపై అంతర్జాతీయ కాఫీ సంస్థ గుర్తు ఏనాటినుంచో వుంది. దేశం, ఎగుమతిదారు, లాటు నంబర్లు దానిలో వుంటాయి. అయితే ఆ గుర్తు పట్టుకుని వెనక్కు నడిస్తే ఎగుమతిదారు గిడ్డంగి గుమ్మం వద్దే ఆగిపోతాము. అసలు చిక్కు అక్కడినుంచి వెనక వున్నది.

పాడేరు ఏజెన్సీనే తీసుకుందాం. ఎకరమో రెండెకరాలో తోట గల గిరిజన రైతు పండు పప్పుతీసి ఎండబెట్టిన పార్చ్‌మెంటు గింజను గిరిజన సహకార సంస్థకో, వారపు సంతలో షావుకారుకో అమ్ముతాడు. షావుకారు పది ఊళ్ల సరుకు ఒకే రాశి పోస్తాడు. క్యూరింగు కర్మాగారంలో పొట్టు తీసి సైజులవారీగా వేరుచేసే సరికి ఏ గింజ ఎవరిదో చెప్పడం ఎవరి తరమూ కాదు. 60 కిలోల బస్తాలు 320 పట్టే కంటైనరులో 19,200 కిలోలుంటాయి. రైతుకు 100 కిలోల చొప్పున వచ్చిందనుకుంటే అది 192 మంది పంట. అందులో ఒక్కరి కమతం తేడా వచ్చి, ఆ గింజను విడదీయలేకపోతే మిగతా 191 మంది సరుకూ దానితోపాటే ఆగిపోతుంది.

కొన్ని సరుకులలో లెక్క సరిపోతే చాలుననే పద్ధతి వుంది. పొరుగింట మానికెడు బియ్యం బదులు తెచ్చుకుని మానికెడు తిరిగి కొలిచినట్లు, కొలత అదే, గింజలు వేరు. ఈ చట్టం దాన్ని ఒప్పుకోదు. చిరునామా తెలియని సరుకుతో కలపనే కూడదు. అలాగని తూకం లెక్క అక్కర లేదని కాదు. 100 కిలోల శుద్ధమైన గింజకు సుమారు 125 కిలోల పార్చ్‌మెంటు కావాలి. ఎకరం తోట పేరిట పది ఎకరాల పంట వ్రాసి వుంటే దొంగ ఎక్కడున్నాడో తూకమే చెబుతుంది.

2025 మేలో యూరపు ప్రకటించిన పట్టికలో మన దేశం తక్కువ ముప్పుగల తరగతిలో చేరింది. దీనివల్ల తనిఖీలు తగ్గుతాయి గాని, సరుకు ఎక్కడిదో చెప్పే బాధ్యత పోలేదు. భూమి హక్కు కూడా దేశ చట్టాలకు లోబడి వుండాలి. పోడు మాన్పించడానికి కాఫీ వేయించిన కొండల్లో 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా కాగితానికి దీంతో కొత్త విలువ వచ్చింది. పట్టా చేతికందని రైతు తోట ఎంత పాతదైనా, కొనేవాడు వెనకాడతాడు. కొడగు, చిక్కమగళూరుల్లో వందల ఎకరాల ఎస్టేటుకు ఒక్క సరిహద్దు, ఒక్క ఫైలు చాలు. ఖర్చు చూసుకునే ఎగుమతిదారు ఎటు మొగ్గుతాడో వేరే చెప్పనక్కరలేదు. కొలతలు తీయించే ఖర్చు రైతు నెత్తిన పడితే, రెండెకరాలవాడు సంతలో వచ్చిన ధరకే దేశీయ మార్కెట్టుకు అమ్ముకుంటాడు. ఆ పని సహకార సంస్థలు, కాఫీ బోర్డు చేపట్టడమే సబబు.

2023లో ప్రకటించిన జాబితాలో పచ్చి గింజ, వేయించిన గింజ వున్నాయి, ఇన్‌స్టెంట్ కాఫీ లేదు. అదే గింజ పొడిగా మారితే చిరునామా అడగకపోవడం విచిత్రమే.

అరకు, పాడేరు ప్రాంతంలో కోత నవంబరుకల్లా ఊపందుకుంటుంది. 2026 నవంబరులో కోసిన పండు శుద్ధి అయి ఓడ ఎక్కి యూరపు రేవు చేరేసరికి డిసెంబరు 30 దాటిపోతుంది. తోట వివరం వ్రాసుకోవలసింది ఓడ ఎక్కించేనాడు కాదు, సంతలో కాటా వేసేనాడు, రైతు ఎదుట వుండగానే.