పాత పావలా, బేడ: కాటాకు వేసే ముందు ముద్ర చూడాలి

అనంతపురం: వేరుశనగ పండని ఏడు మెట్ట పల్లెల నుండి అంగడికి వచ్చే వెండిలో కడియాలు, మొలతాళ్లతో పాటు తెల్లదొరల కాలపు పావలాలు, బేడలు కూడా ఉండటం కద్దు. అన్నిటినీ ఒకే రాశిగా పోసి తూచితే అమ్మేవారో, కొనేవారో నష్టపోక తప్పదు.

తూకం: 1835లో ఏర్పడిన కంపెనీ రూపాయి తూకం ఒక తులం, అనగా 11.66 గ్రాములు. అర్ధరూపాయి 5.83, పావలా 2.92, బేడ 1.46 గ్రాములు. అరిగిన సరకు ఇంతకు తగ్గి తూగుతుంది.

నాణ్యత: 1939 వరకు వెండి నాణెములలో 12 పాళ్లకు 11 పాళ్లు మేలిమి. 1941–45 రూపాయి, అర్ధ, పావలాలలో మేలిమి సగమే. 1940 ముద్రను గీటురాయిపై చూడనిదే ధర చెప్పరాదు. 1946 పావలా నికెల్. వెండి బేడ 1917తో ఆఖరు. 1918 నుండి వచ్చినది రాగి–నికెల్ మిశ్రమం. 1919–21 మధ్య అదే మిశ్రమంతో నాలుగణాల బిళ్లలు కూడా వచ్చాయి.

లెక్క: అరగని నూరు పావలాల తూకం సుమారు 292 గ్రాములు. పాత ముద్రలైతే మేలిమి 267 గ్రాములు, 1941–45 ముద్రలైతే 146 గ్రాములే. సంవత్సరం చూడని వర్తకునికి నూటికి 121 గ్రాముల తేడా.

సేకరణ విలువ: వెండి ధర కనీస ధర మాత్రమే. అరుదైన సంవత్సరానికి, చెదరని ముద్రకు సేకర్తలు పై ధర ఇస్తారు. చింతపండుతో తోమినవి, సుగాలీల దండల నుండి తీసిన కొక్కెం అతుకువి ఆ ధర పలకవు. 1808 ప్రాంతపు మద్రాసు కంపెనీ రెండు ఫణాల వెండి నాణెంపై తెలుగు అక్షరాలు ఉంటాయి. అటువంటిది కనబడితే కరిగింపుకు పంపరాదు.

చట్టం: భూమిలో దొరికిన నిక్షేపం విలువ పది రూపాయలు మించితే 1878 చట్టం ప్రకారం కలెక్టరుకు తెలుపవలెను. నూరేళ్లు నిండిన నాణెం 1972 చట్టం కింద పురావస్తువు. దాని వ్యాపారానికి లైసెన్సు అవసరం. ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపుట నిషిద్ధం.

కనుక రాశిని ముందు సంవత్సరాలవారీగా వేరు చేసి, అమ్మేవాని ఎదుటనే గీటు చూపి, పిదప కాటాకు వేయుట ఉభయులకూ క్షేమం. కరువులో వెండి తెచ్చిన రైతు వానపడిన ఏడు మళ్లీ కొనుటకు వచ్చేది నమ్మిన అంగడికే.